పదకొండు గంటల ఫోను

ఆ గదిలో నన్ను కూర్చోమనలేదు. కుర్చీలు నాలుగు ఖాళీగానే ఉన్నాయి. ఒకదాని మీద తువ్వాలు ఆరేశారు. కాలేజీ ప్లేస్‌మెంట్ సెల్ అది. డిగ్రీ అయిపోయి రెండు నెలలైంది. ఊరి బయట గమ్హరియాలో బండ్ల విడిభాగాలు చేసే కంపెనీ ఒకటి స్టోర్స్‌లోకి ట్రైనీలను తీసుకుంటోందని, నా క్లాసువాళ్లను పిలిచిందని బజారులో తెలిసింది. నన్నెందుకు పిలవలేదని నిలబడే అడిగాను.

సెల్‌లో ఫోన్లు చేసే మేడం కూడా మాలాగే శ్రీకాకుళం వైపు నుంచి హిందీ మాట్లాడే ఈ ఊరికి వచ్చినవారే. సిద్ధగోరాలో మా వెనక వీధిలోనే ఉండేవారు. పొడవాటి రిజిస్టరు తెరిచి నా పేరు మీద వేలు పెట్టారు. పక్కన ఎర్ర సిరాతో ‘నాట్ ఇంట్రెస్టెడ్’ అని ఉంది.

"ఎవరికండీ ఇంట్రెస్టు లేనిది?"

"నీకే. మూడుసార్లు సేసేను. ఎత్తలేదు. ఎత్తనోలికి ఏటి రాయమంతావు, దండేసి దణ్ణం పెట్టమంతావా?"

రెండుసార్లు అలా రాస్తే ఇక ఏ కంపెనీకీ పేరు పంపరట. నాకది రెండోది. మొదటిది ఎప్పుడు పడిందో కూడా తెలియదు. ఆ కంపెనీ శుక్రవారం మిగిలినవాళ్లను చూడటానికి మళ్లీ వస్తోంది. గురువారంలోగా జాబితాలోకి ఎక్కకపోతే ఆ ఏడాదికి నా పని అయిపోయినట్టే. అప్పటికి సోమవారం.

కోపం సంగతి అలా ఉంచితే, దారి పొడవునా ఒకటే ప్రశ్న నన్ను తొలిచింది. మోగిన ఫోను ఏది? నాదైతే మోగలేదు.

ఇంటికి వచ్చి పాత ఫారం నకలు తీసి చూస్తే అందులో ఉన్నది నాన్న నంబరు. ఫారం నింపుతున్న రోజు ఆయన నా భుజం మీంచి చూస్తూ, "ఆడపిల్ల నంబరు ఆపీసులకెందుకే? నాది రాయి" అన్నారు. రాశాను. మా వీధిలో అందరు ఆడపిల్లలూ అలాగే రాశారు. దాన్ని ఎవరూ తప్పనుకోలేదు.

నాన్న స్టీలు కార్ఖానాలో కాంట్రాక్టు ఫిట్టరు. ఆ నెలంతా పొద్దుటి షిఫ్టు, ఆరు నుంచి రెండు దాకా. వాళ్ల పనిచోటికి ఫోను తీసుకెళ్లనివ్వరు. గేటు దగ్గరే ఇచ్చేసి, బయటికొచ్చాక తీసుకోవాలి. సాయంత్రం ఆయన ఫోను తిరగేశాను. వారం కిందట ఒకే నంబరు నుంచి మూడు కాల్స్ ఉన్నాయి, పదకొండుకీ పదకొండున్నరకీ మధ్య.

"ఇవేటి నాన్నా?"

"సిమ్ము కంపెనీ వోలనుకున్నానే," అన్నారు, నా మొహం చూడకుండా.

మంగళవారం మళ్లీ వెళ్లాను. రిజిస్టరు చూస్తానంటే మేడం, "సూడు, సూడు. నీకు వేరే పనేటుంది, ఉద్యోగమా సద్యోగమా" అన్నారు. ఆ మాట ఈ రోజుకీ నాకు గుర్తుంది. గమ్హరియా కంపెనీ పేజీలో ఎర్ర సిరా పేర్లు ఏడు. రాసుకుని, మధ్యాహ్నమంతా ఒక్కొక్కరినీ వెతికి పట్టుకున్నాను. అడిగింది ఒకటే: ఆ రోజు మీ నాన్న ఏ షిఫ్టు? నలుగురి నాన్నలు పొద్దుటి షిఫ్టులో ఉన్నారు, ఫోన్లు గేటు దగ్గర. ఇద్దరి నాన్నలు రాత్రి డ్యూటీ దిగి, ఫోను కట్టేసి నిద్రపోయారు. ఏడోదాన్ని నేనే. ఇక ఫోను ఎత్తినవాళ్లలో ఒకమ్మాయి తండ్రికి కాసిడీహ్‌లో బట్టల కొట్టుంది, ఇంకొకామె తండ్రి బడిలో మాస్టారు.

ఆ రాత్రి నాకు కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువ కలిగింది. మూడేళ్ల మా చదువును వడగట్టింది మార్కులు కాదన్నమాట, మా నాన్నల షిఫ్టులు.

బుధవారం పొద్దున్నే మేడం బల్ల ముందు నిలబడ్డాను. ఆవిడ భర్తదీ అదే కార్ఖానా.

"మేడం, ఇంట్లో ఏదైనా అవసరమొస్తే సార్‌కి పదకొండింటికి ఫోన్ చేస్తారా?"

"ఆయనకా? ఎలాగ ఎత్తుతారే? ఫోను గేటు కాడ..." అని ఆగిపోయారు. వేలు ఇంకా రిజిస్టరు మీదే ఉంది. "మరి నాకు పదకొండుకే తీరిక," అన్నారు, మెల్లగా. "పొద్దున్న ఫీజుల కిటికీ నాదే, మద్దేన్నం లైబ్రరీ నాదే. ఈ సెల్లుకని ఇంకో మనిసిని ఇచ్చేరేటి?"

అది నిజమే. అయినా ఎర్ర సిరా వేసింది ఆవిడ చెయ్యే.

సెల్ బాధ్యత చూసే సార్ కామర్స్ పాఠాలు కూడా చెబుతారు. నేను చెప్పిందంతా విని హిందీలో తేల్చేశారు: "రిజిస్టర్ మే కాట్‌ఛాంట్ నహీ హోగా." రిజిస్టరులో కొట్టివేతలు కుదరవట. కొట్టివేయక్కర్లేదు సార్, ఇవాళ రెండున్నరకి ఈ ఏడు నంబర్లకూ మళ్లీ చేసి చూడండి, ఎత్తినవాళ్ల పేర్లు కింద కొత్తగా రాయండి అన్నాను. సరేననే దాకా గుమ్మంలోంచి కదల్లేదు. ఆయన క్లాసుకి పావుగంట ఆలస్యమైంది.

రెండున్నరకి మేడం మొదట నా పేరు పక్కనున్న నంబరే నొక్కి స్పీకరు పెట్టారు. రెండో మోతకే నాన్న ఎత్తారు. వెనకాల సైకిళ్ల గంటలు.

"కాలేజీ నుంచండీ. మీ అమ్మాయికి ఉద్యోగం మీద ఇంట్రెస్టు ఉందా?"

"ఉందా ఏటండీ? మూడ్రోజులై ఇంట్లో ఎవుల్నీ అన్నం తిన్నివ్వట్లేదు!"

మేడం నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. నేను నవ్వలేదు. ఏడుగురిలో ఐదుగురి ఇళ్లవాళ్లు ఎత్తారు. ఐదు పేర్లూ నీలం సిరాతో కిందకి ఎక్కాయి.

శుక్రవారం ఇంటర్వ్యూలో కంపెనీవాళ్లు ముగ్గురు స్టాకు గురించీ చలాన్ల గురించీ అడిగారు. చివర్న, నువ్వేమైనా అడగాలా అన్నారు. ఎంపికైతే ఫోను ఎన్నింటికి చేస్తారని అడిగాను. ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పొద్దున, పదకొండు ప్రాంతంలో అన్నారు. నా ఫారం ఒకసారి ఇమ్మని, నాన్న నంబరు కొట్టేసి నాది రాసి ఇచ్చాను. ఇంట్లో కూడా అదే చెప్పాను. నాన్న పళ్లెంలోకి చూస్తూ, "నీ ఇష్టం" అన్నారు.

మరుసటి ఏడు ఆ సెల్ ఫారంలో విద్యార్థి నంబరుకు వేరే గడి వచ్చింది. ఫోను చేయడానికి వీలైన వేళ అని ఇంకో గడి కూడా. పనిగట్టుకుని వెళ్లి చూశాను. అది ఎవరి మాట మీద వచ్చిందో ఎవరూ చెప్పలేదు. పాత రిజిస్టరులో ఎర్ర సిరా అలాగే ఉంది. పొరపాటైందని ఒక్కరూ అనలేదు. ఆ రోజు కూడా కుర్చీ చూపించలేదు.

ఇక గమ్హరియా నుంచి ఫోను, ఇంటర్వ్యూ తర్వాతి సోమవారమే పదకొండుంబావుకి వచ్చింది. సోమవారం చేరమన్నారు, వచ్చే సోమవారం. పెట్టేసిన వెంటనే నాన్నకు చేశాను. గేటు దగ్గర ఏదో అరలో అది మోగి మోగి ఆగిపోయింది.

రెండూ ఐదుకి తిరిగి చేశారు. "ఏటే, ఆ టయానికి లోపలుంతానని నీకు తెలీదా?"

"తెలుసు నాన్నా."

"మరెందుకు సేసేవు?"

"నీకే ముందు చెప్పాలనిపించింది," అన్నాను. "ఉద్యోగం వచ్చింది."

సైకిళ్ల గంటల మధ్య ఆయన గొంతు, ఫోనుకు దూరంగా, పక్కనున్న ఎవరికో గట్టిగా చెబుతోంది: "మా అమ్మాయి. దాని నంబరుకే సేసేరట!"