ఏ హక్కుల కోసం?

రెండేళ్ల కిందట ఒక శుక్రవారం రువైస్ నుంచి అబుదాబికి నన్ను కారెక్కించుకున్నవాడు రవీందర్. జగిత్యాలవాడు, రువైస్‌లో సేఫ్టీ ఆఫీసరు. మాది గుంటూరు. ఆ రోజే పరిచయమైనా, తమ ఇంట్లో భోంచేసి వెళ్లాల్సిందేనని పట్టుబట్టాడు.

నా ఒళ్లో ఉన్న పుస్తకం దేని గురించని అడిగాడు. అమెరికా అంతర్యుద్ధం గురించి అన్నాను. "దక్షిణాది రాష్ట్రాలు మా హక్కులు మాకేనంటూ విడిపోయాయి. అచ్చం మీ తెలంగాణవాళ్లలాగే," అని నవ్వాను.

అతను నవ్వలేదు. "ఏం హక్కులన్నా?"

కిటికీ అద్దం దించి, మళ్లీ ఎక్కించాను. చెప్పక తప్పలేదు. "బానిసల్ని ఉంచుకునే హక్కు."

"గా మాట మింగి, మా లెక్కనే అంటవేందన్నా? మేం నీళ్లడిగినం, కొలువులడిగినం. మనుషులను అమ్ముకుంటమని కొట్లాడినమా? మా పెద్దన్న లాఠీదెబ్బలు తిన్నడు."

నాకు తెలియక కాదు. చురక గట్టిగా తగలాలని అసలు కారణం దాచాను. క్షమించమన్నాను. అతను కారు వేగం పెంచాడు. ఇక ఇంటికి పిలవడనుకున్నాను. దారిలోనే దింపేస్తే బాగుండుననీ అనుకున్నాను.

మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో, తమ ఇంటి ముందు కారాపాడు. "యల్లా, దిగన్నా. బువ్వ సల్లారుతది."

వడ్డిస్తూ అతని భార్య అడిగింది. "తొవ్వంత ఏం ముచ్చట్లు పెట్టుకున్నరన్నా?"

"అన్ననే చెప్తడు," అన్నాడు రవీందర్, తల ఎత్తకుండా.

కలిపిన ముద్ద నా చేతిలోనే ఉండిపోయింది.

"అమెరికాలో ఒకప్పుడు మనుషుల్ని కొని అమ్మేవాళ్లమ్మా," అని, అక్కణ్ణుంచి మొదలుపెట్టాను.