బూజు పోయిన పల్లిచెక్క

పశువుల దాణా చెడిపోకుండా కలిపే ఆమ్లాలు అమ్మడం నా ఉద్యోగం. రసాయనశాస్త్రంలో పీజీ చేసినందుకు నాకు దక్కిన గౌరవం ఏమిటంటే, సిటీ బస్సులో నా పక్క సీటు తరచూ ఖాళీగా ఉంటుంది. ప్రోపియోనిక్ ఆమ్లం వాసన చొక్కాను అంత తొందరగా వదలదు.

ఆ వానాకాలం లాలాగూడలో ఆరు బర్రెలున్న ఒక పెద్దాయనకు క్యాన్ ఇచ్చాను. దాణా బాగున్నప్పుడే కలపాలని, కొలత దాటకపోతే పశువుకు హాని లేదని చెప్పాను. ఆయన తలూపాడు. తలూపేవాళ్లను నమ్మడం నాకున్న పాత జబ్బు.

నెల తర్వాత వెళితే నవ్వుతూ ఎదురొచ్చాడు.

"సారూ, మీ మందు జబర్దస్త్ ఉంది. రెండు సంచుల పల్లిచెక్కకు పచ్చగ బూజు పట్టింది. నిన్న మంచిగ గీకి, మందు పోసిన. ఇయ్యాల ముక్కిన వాసన సుత లేదు. పొద్దుమీకి బర్రెలకు పెడ్త."

"బూజు పట్టకముందే కలపమన్నాను కదండీ?"

"రోగం రాకముందే మందెవరన్న ఏస్తరా? దాసిపెట్టిన."

మా నాన్న బీపీ మాత్రలు అలాగే దాచుకునేవాడు.

"ఇది బూజు పెరగకుండా ఆపుతుంది, అంతే. బూజు అప్పటికే వదిలిన విషాన్ని ఏమీ చేయలేదు. బర్రె తింటే ఆ విషం పాలల్లోకి దిగుతుంది."

ఆయన నవ్వు ఆగింది. మూలన కట్టేసిన, కొత్తగా ఈనిన బర్రె వైపు చూశాడు.

"దాని పాలు నా మనవరాలు తాగుతది." క్యాన్ వైపు చెయ్యి చూపించి, "మరి మీ మందెందుకు సారూ?" అన్నాడు.

"వచ్చే సంచికి."

ఇంత పేలవంగా సరుకు అమ్మినవాడు మా కంపెనీలో ఇంకొకడు ఉండడు.

"సరే తియ్, రోడ్డు మీద పారేస్త."

"మేకలు తింటాయి. పూడ్చాలి."

"ఎవరు పూడుస్తరు?" అన్నాడు, నా ఆఫీసు బూట్ల వంక చూస్తూ.

కొట్టం వెనక సన్నటి వానలో ఆయన గొయ్యి తవ్వాడు, నేను సంచులు ఈడ్చాను. అమ్మకాల రిపోర్టులో ఈ పనికి గడి లేదు.

చేతులు కడుక్కున్నాక చాయ్ తెచ్చిచ్చాడు. గ్లాసు పట్టుకుని, "పొద్దున బర్రెలకు ఏం పెట్టారు?" అని అడిగాను.

"ఒట్టి గడ్డి," అని తలూపాడు.

గ్లాసు గోడ మీద పెట్టి, ఆరు తొట్లూ తిరిగి చూసి వచ్చాను. గడ్డే. చాయ్ చల్లారిపోయింది. తాగాను.