లేని తమ్ముడి కోసం ప్రార్థన

చాపాడు దగ్గర ఒక చిన్న సంఘానికి నేను కాపరిని. కాపురం ప్రొద్దుటూరులో. వారమంతా ఇళ్లు తిరగడానికీ, ఆసుపత్రులకు పోయి రావడానికీ సరిపోయేది. శనివారం మధ్యాహ్నమయ్యేసరికి, రేపు ఏం చెప్పాలో తెలిసేది కాదు. బైబిలు పది నిమిషాలు చూసి ఫోను తెరిచేవాణ్ణి. కోస్తా వైపు ప్రసంగీకుడొకాయన చెప్పేవి నాకు బాగా నచ్చేవి. మొదట ఆయన మాటలు తీసుకున్నాను. పోనుపోను ఆయన బతుకే తీసుకున్నాను.

ఒక ఆదివారం చెప్పాల్సింది తప్పిపోయిన కుమారుని ఉపమానం. దాని మీద ఆ ప్రసంగీకుడు తన తమ్ముడి సంగతి చెప్పాడు. తాగుడుకు బానిసై ఇల్లు విడిచిపోయాడట. ఏళ్లు గడిచినా జాడ లేదట. వాళ్లమ్మ ఇప్పటికీ రోజూ అతని కోసం ఒక ముద్ద ఎత్తిపెడుతుందట. నేను సంఘం ముందు నిలబడి "నా తమ్ముడు" అన్నాను. "మా అమ్మ" అన్నాను. ఆడవాళ్లు కొంగులతో కళ్లు ఒత్తుకున్నారు. అది చూసి నాకు లోలోపల సంతోషమే కలిగింది. నాకు తమ్ముడు లేడు. మా అమ్మకు నేనొక్కణ్ణే.

ఆరాధన అయ్యాక ఒక అవ్వ నా దగ్గరికి వచ్చింది. డెబ్బైకి దగ్గరపడినా పత్తి చేలల్లో కూలికి పోయే మనిషి.

"నీ తమ్ముని పేరేంది అయ్యా? పేరు పెట్టి ప్రార్థన చేస్తా" అంది.

నాలుక చివరికి వచ్చిన పేరేదో చెప్పేశాను. అప్పుడైనా ఆగి ఉండొచ్చు.

అప్పటినుంచి ఆ అవ్వ నా తమ్ముడి కోసం ఉపవాసమని శుక్రవారం పొద్దున సంగటి మానేసింది. ప్రతి ఆదివారం గుమ్మం దగ్గర "ఏమన్నా తెలిసినాదా?" అని అడిగేది. "ఇంకా లేదవ్వా" అనేవాణ్ణి. కొన్నాళ్లకు ఆ అబద్ధం చెప్పడం చెప్పులు వేసుకున్నంత తేలికైపోయింది.

ఏడాది దాటాక ఒక పొద్దున ఫోన్ వచ్చింది. మనవరాలి కాన్పు కోసం పులివెందుల పోయిన అవ్వ, ఎవరి ఫోనో అడిగి తీసుకుని చేసింది.

"అయ్యా, నీ తమ్ముడు దొరికినాడు! ఈడ బస్టాండులో ఉండాడు. యాడికీ పోకుండా పట్టుకొని కూచున్నా. బిన్నా, తొందరగా రాయ్యా!"

ఫోనులోనే నిజం చెప్పేయాల్సింది. "వస్తాండా అవ్వా" అన్నాను.

బస్సు జమ్మలమడుగు, ముద్దనూరు దాటేదాకా ఒకటే ఆలోచన. చూసి, వీడు కాదు అంటే సరిపోతుంది. ఎవరికీ ఏమీ తెలియదు.

బస్టాండులో టీ బంకు పక్కన అవ్వ కూర్చుని ఉంది. పక్కన నలభై ఏళ్ల మనిషి, మతి స్థిమితం లేనట్టున్నాడు. అతని మణికట్టు అవ్వ చేతిలో ఉంది. అతనికి గడ్డం గీయించి, కొత్త తువ్వాలు కప్పి, ఇడ్లీ తినిపిస్తోంది.

"సూడయ్యా, ముక్కు నీ మాదిరే ఉంది. పేరు పెట్టి పిలిస్తే తలకాయ ఊపినాడు."

"వీడు కాదవ్వా."

"బాగా సూడు. ఇన్నేండ్లకు మనిషి మారిపోయింటాడు. మీయమ్మ దగ్గరికి పిలుచుకొని పోదాం. కన్నతల్లికి తెలీదా?"

టీ బంకు సాయిబు కూడా కల్పించుకున్నాడు. "తీస్కపో అన్నా. సొంత తమ్మున్ని ఎవరన్నా ఇట్ల ఇడ్సిపెడతారా?"

ఆ మనిషి నా ముఖంలోకి చూసి నవ్వాడు. ఇక నావల్ల కాలేదు.

"నాకు తమ్ముడే లేడవ్వా. ఆ కత ఫోనులో ఇన్నాను. నాదని చెప్పినా."

అవ్వ తిట్టలేదు.

"మీయమ్మ ముద్ద ఎత్తిపెడతాదంటివే?"

"అదీ అబద్ధమే."

"మరి ఆ పేరు?"

"అప్పటికప్పుడు అల్లినా."

అవ్వ అతని వైపు తిరిగింది. "ఇంకో ఇడ్లీ తింటావా నాయనా?" అని అడిగింది.

మధ్యాహ్నానికి అతన్ని అక్కడ దిక్కులేనివాళ్లను చూసుకునే ఆశ్రమంలో చేర్పించాం. ఎవరి తమ్ముడో ఇప్పటికీ తెలియలేదు. విడిపోయేటప్పుడు అవ్వ ఒక్క మాట అంది. "ఆదివారం అందరికీ నువ్వే చెప్పు. నా నోట్లోంచి వస్తే బాగుండదు."

ఆ ఆదివారం నేను చెప్పింది ఇది: "తమ్ముడి సంగతి ఉదాహరణగా చెప్పాను. కొందరు నిజమనుకున్నారు." అవ్వ తల వంచుకుంది. నా కోసం సిగ్గుపడి వంచుకుంది.

మరునాడు జమ్మలమడుగులో ఉండే ఒక ముసలి పాస్టరు దగ్గరికి పోయాను. పరిచర్య మాని ఇంటిపట్టున ఉంటున్న పెద్దాయన. అంతా విన్నాడు.

"మొదటిదాని కంటే ఇదే పెద్ద అబద్ధమప్పా. నీ తప్పు తీసి నీ మాట ఇన్నోళ్ల మీద ఏస్తివి" అన్నాడు. "పోయి సరిగా చెప్పు. ఇంగ ఆర్నెల్లు కతల జోలికి పోవద్దు. శనివారం దాకా ఆగకుండా సోమవారమే వాక్యం సదువు. ఇండ్లకు, ఆసుపత్రికి తిరుగుతాంటావు గదా, ఆ వాక్యాన్ని మనసులో పెట్టుకొని తిరుగు. పది నిమిషాలకే అయిపోతే పది నిమిషాలే చెప్పి కూచో. ఎవురూ సావరు."

ఆ పై ఆదివారం దాచకుండా చెప్పాను. రెండు కుటుంబాలు వేరే సంఘానికి వెళ్లిపోయాయి. వెళ్లేముందు ఒకాయన, "నువ్వు మమ్మల్ని ఏడిపించినావు గదయ్యా" అన్నాడు. ఆ నెలల్లో నా ప్రసంగాలు పొట్టిగా, తడబడుతూ ఉండేవి. అయినా ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చున్నప్పుడు ఆ వారం చదివిన వాక్యం నాకే కొత్తగా అర్థమయ్యేది.

ఈమధ్య జమ్మలమడుగులో యువ పాస్టర్ల కూడికలో వాక్యం చెప్పడం గురించి మాట్లాడమన్నారు. ఇదే చెప్పాను. చెబుతుంటే వాళ్ల కళ్లు చెమ్మగిల్లాయి. అది చూసి లోపల సంతోషం పుట్టింది, అదే పాత సంతోషం. మాట అక్కడికే ఆపి కూర్చున్నాను.

అవ్వ ఇప్పటికీ ఆరాధనకు వస్తుంది. ప్రసంగంలో నేనేదైనా సంగతి చెబితే, గుమ్మం దగ్గర అందరి ముందే అడుగుతుంది: "ఇది యాడిదయ్యా?" చదివిందైతే చదివానంటాను, విన్నదైతే విన్నానంటాను. పోయినవారం "నాదేనవ్వా" అన్నాను. నా ముఖం చూసి, కర్ర ఊనుకుంటూ మెట్లు దిగిపోయింది. నమ్మిందో లేదో తెలియదు.