అడగకూడని నిచ్చెన

నిచ్చెనక్కకి అసలు పేరొకటి ఉంది. పిలిచేవాళ్ళు లేక తుప్పు పట్టిపోయింది, అంతే. మామగారి కాలం నుంచీ వాళ్ళ షెడ్డులో తయారయ్యేది ఒకే ఒక్క వస్తువు, నడుం దగ్గర మడతపడే నిచ్చెన. ఆ మడత దగ్గర బిగించే ఇనుప బందు ఎంత గట్టిదంటే, ఏనుగెక్కినా నిచ్చెన కదలదు, ఏనుగే కళ్ళు తిరిగి పడాలి.

ఆ ఇంట్లో అత్తగారు పెట్టిన నియమం ఒకటుంది. ఎవరు వాడుకోవడానికి అడిగినా నిచ్చెన ఇవ్వాలి. ఇచ్చాక మాత్రం తిరిగి అడగకూడదు. పట్టుకెళ్ళినవాళ్ళే తెచ్చివ్వాలి. "నిచ్చెనలు చేసేవాళ్ళం, ఒక్క నిచ్చెన కోసం గుమ్మాలు పట్టుకు తిరుగుతామా?" అనేది ఆవిడ. ఆవిడ పుణ్యమా అని ఆ వీధిలో ఇంటింటికీ వీళ్ళ నిచ్చెనే ఉండేది, ఒక్కళ్ళూ కొన్న పాపాన పోలేదు.

ఈలోగా బజారులోకి చౌకరకాలు వచ్చిపడ్డాయి. గిరాకీ చచ్చింది. మరిది ఒకరోజు టైర్ల వ్యాపారిని వెంటబెట్టుకొచ్చి, నిచ్చెనక్క కళ్ళముందే షెడ్డు కొలిపించాడు.

"కోపం తెచ్చుకోకు వదినా. బయటినుంచి కొత్త బేరం ఒక్కటి తీసుకురా, నేనే దగ్గరుండి రివెట్లు కొడతాను. లేదంటే షెడ్డు ఈయనకే."

సరిగ్గా అప్పుడే చిన్న పరిశ్రమల సంఘం వాళ్ళు విదేశానికి వ్యాపార బృందం బయల్దేరదీశారు. నిచ్చెనక్క ఓ నిచ్చెన చంకన పెట్టుకుని బయల్దేరింది. విమానాశ్రయంలో కౌంటరు పిల్ల దాన్ని ఎగాదిగా చూసి, "విమానం ఎక్కడానికి మాదగ్గర ఉందండీ, మీరు తెచ్చుకోనక్కర్లేదు" అంది. చిరాకు అక్కడ మొదలైంది.

సంఘం అధ్యక్షులవారు ఆ చిరాకు చల్లారనిస్తేనా! దిగింది మొదలు ఫొటోలే. మెట్ల మీద ఫొటో, బస్సు ముందు ఫొటో, ఫొటో తీసినవాడితో ఫొటో. మైకు దొరికిందా, ఆయన ప్రసంగం మొదలయ్యేటప్పటికి నున్నగా గీసుకున్న గడ్డం ముగిసేసరికి మాసిపోయేది. "బేరానికొచ్చామా, పెళ్ళికొచ్చామా?" అని నిచ్చెనక్క పళ్ళు నూరుకుంది.

మర్నాడు అసలు ప్రదర్శన. ఆ హాలు ఎంత పెద్దదంటే, ఈ మూల తుమ్మితే ఆ మూలకి వినబడేసరికి ఇక్కడ జలుబు తగ్గిపోతుంది. ఎవరి బల్ల వాళ్ళకిచ్చారు. గోడౌన్ల యజమాని ఒకాయన మధ్యాహ్నం నిచ్చెన చూడ్డానికి వస్తారని, మన భాష చదువుకున్న దుబాసీ పిల్ల పొద్దున్నే వచ్చి చెప్పింది.

ఆ పిల్ల అటు వెళ్ళిందో లేదో, పక్క బల్ల సబ్బులాయన చేతులు నలుపుకుంటూ వచ్చాడు.

"అక్కా, బ్యానరు కట్టుకోవాలి. నిచ్చెన ఒక్కసారి..."

అత్తగారు పోయి ఎన్నేళ్ళయినా ఆవిడ నియమం పోలేదు. నిచ్చెనక్క ఇచ్చింది. సబ్బులాయన దగ్గర్నుంచి దువ్వెనలాయన లాక్కున్నాడు, ఆయన దగ్గర్నుంచి గొడుగులావిడ. మధ్యాహ్నానికి హాల్లో అందరి బ్యానర్లూ గాల్లో రెపరెపలాడుతున్నాయి. నిచ్చెనక్క బల్ల ముందు మాత్రం బోడినేల. వెళ్ళి అడుగుదామంటే నోరు పెగల్దు.

గోడౌన్ల యజమాని వచ్చాడు. ఖాళీ నేలకేసి చూసి ఏదో అన్నాడు.

"నిచ్చెన ఏదీ అంటున్నారు" అంది దుబాసీ.

"వస్తుందని చెప్పమ్మా."

"ఎప్పుడని అడుగుతున్నారు."

"తెచ్చినప్పుడు!"

ఆయన వాచీ చూసుకుని వెళ్ళబోయాడు. నిచ్చెనక్కకి టైర్ల వ్యాపారి టేపు కళ్ళముందు మెరిసింది. "రమ్మను" అని ఆయనకంటే ముందు తనే పరుగు తీసింది. చూస్తే హాలు చివర నిచ్చెన పైమెట్టు మీద సాక్షాత్తూ అధ్యక్షులవారు! సంఘం జెండా పట్టుకుని ఫొటో దిగుతున్నారు. ఆయనా సన్నటి మనిషేం కాదు, ఆయన కూర్చుంటే కుర్చీలు కుటుంబాన్ని తలుచుకుంటాయి.

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నిచ్చెనక్క అడిగింది. అడగడమేమిటి, అరిచింది. "దిగండి! నా నిచ్చెన నాకివ్వండి!"

"ఒక్క ఫొటోనమ్మా..."

"దిగుతారా, మడిచెయ్యమంటారా?"

దిగారు. గోడౌన్ల యజమాని వంగి బందు తడిమాడు, తనూ ఎక్కి పైన గంతు వేశాడు. దిగొచ్చి, చిరునవ్వుతో దుబాసీకి చెప్పాడు.

"కొన్నాళ్ళు వాడిచూస్తారట. తీసుకెళ్ళమంటారా?"

మళ్ళీ అదే! నిచ్చెనక్క నెత్తి కొట్టుకుని, ఇచ్చింది.

ఇంటికొచ్చాక మరిది ఊరుకుంటాడా? "బాగుంది వదినా, మీరంతా తిరిగొచ్చారు, నిచ్చెన మాత్రం అక్కడే స్థిరపడింది." నెల దాటింది. కబురు లేదు. "ఫోన్ చెయ్యొచ్చుగా" అంటే, "ఇచ్చిన నిచ్చెన అడగం" అని కసిరేది.

చివరికి ఓ పొద్దున మరిది వెంట టైర్ల వ్యాపారి తన బోర్డు మోయించుకొచ్చి షెడ్డు గోడకి ఆనించాడు. పైన తగిలించాలి కదా, చుట్టూ చూసి, "అమ్మా, ఓ నిచ్చెన ఇస్తారా?" అన్నాడు.

నిచ్చెనక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆయనకి జవాబు చెప్పకుండానే దుబాసీకి ఫోన్ కలిపింది.

"అమ్మాయ్, ఆయన్ని అడుగు. నా నిచ్చెన తిరిగిస్తాడా, ఇవ్వడా?"

కాసేపటికి దుబాసీ మళ్ళీ లైన్లోకి వచ్చింది. "ఇవ్వలేరట. పనివాళ్ళలో ఒకరు దిగితే ఇంకొకరు ఎక్కుతున్నారట. ఏ గోడౌన్‌కి పంపినా వదలడం లేదట. కంటైనరు నిండా అలాంటివే కావాలట. మీరు ఏమైందని ఇన్నాళ్ళూ అడక్కపోయేసరికి, అమ్మే ఉద్దేశం లేదేమో అనుకున్నారట."

"ఆ ముక్క ఆయనే ముందు చెప్పి ఏడవచ్చుగా!"

"ఇదీ చెప్పమంటారా అక్కా?"

"వద్దులే" అంది నిచ్చెనక్క. ఫోన్ పెట్టి, గోడకానించిన బోర్డు ఎత్తి టైర్ల వ్యాపారి చేతిలో పెట్టింది. "మరిదీ, రివెట్ల డబ్బా తియ్యి."