జానెడు దిగిన టవల్

మా తాతకి కింద సెలూన్, నెత్తిన జిమ్. కింద ఆయన గడ్డం గీస్తుంటే పైన కుర్రాళ్లు ఒకళ్లనొకళ్లు ఎత్తి దబీమని కుదేస్తుంటారు. సరిగ్గా గొంతు మీద కత్తి ఆన్చినప్పుడే ఎవడో ఒకడు పడతాడు. అయినా ఇంతవరకు ఎవరి గొంతూ తెగలేదు. చెయ్యంటే తాత చెయ్యి అని పేరొచ్చింది. ఆ పేరే ఆయన్ని ఆ కుర్రాళ్ల పోటీల తూకాల దగ్గరికి ఈడ్చుకెళ్లింది.

ఈ మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ అనే ఆటలో గుద్దొచ్చు, తన్నొచ్చు, మెడ పట్టి ఊపిరాడకుండా నొక్కొచ్చు. బరువు మాత్రం మీరకూడదు. అరవై ఆరు కిలోల దాకా ఒక మెట్టు, డెబ్బై దాకా ఇంకొకటి, ఆ పైన మరొకటి. ఏ మెట్టువాడు ఆ మెట్టువాడితోనే తలపడాలి.

“కొట్టుకునేవాళ్లకి ఈ కొలతలెందుకయ్యా?” అని నాయనమ్మ ఒకసారి అడిగింది.

“నీకూ నాకూ గొడవైతే ఏమవుతోంది మరి? అందుకే” అన్నాడు తాత. నాయనమ్మ తొంభై కిలోలు. తాత తడి బట్టలతో కలిపి యాభై నాలుగు. ఏ రిఫరీ ఒప్పుకోని ఆ పోటీ పెళ్లయిన దగ్గర్నుంచీ సాగుతూనే ఉంది.

అయితే ప్రతివాడికీ ఒక మెట్టు దిగి, అక్కడ అందరికన్నా బలిసినవాడిగా ఉండాలని ఆశ. అందుకని పోటీకి ముందు తిండి మానేసి, నీళ్లు మానేసి, దుప్పట్లు కప్పుకుని చెమటలు కార్చి, ఎండుద్రాక్షలా తూకం ఎక్కుతారు. దిగీ దిగగానే కడవలకొద్దీ తాగి, మర్నాటికి మళ్లీ ద్రాక్షపండ్లయి బరిలోకి దిగుతారు. “ఇద్దరూ అబద్ధమే ఆడతారు కాబట్టి చెల్లుకు చెల్లు” అనేవాడు తాత.

బొటాబొటీగా ఉన్నవాడు తూకం దగ్గర చివరికి డ్రాయరు కూడా విప్పేస్తాడు. అప్పుడు చుట్టూ జనం కదా, వాడి ముందు ఇద్దరు మనుషులు పెద్ద టవల్ అడ్డం పట్టాలి. ఒక కొస తాతది, రెండో కొస పక్క కొట్టు ఇస్త్రీ ఆయనది. పట్టినంతసేపూ తాత మొహం పైకప్పు కేసే ఉంటుంది. ఏ హాల్లో ఎక్కడ పెచ్చులూడాయో, ఏ మూల సాలెగూడు ఎంత పెరిగిందో ఆయన్నే అడగాలి.

ఈ టవల్‌తో ఒక దొంగ కిటుకుంది. వెనక నిలబడ్డవాడు అంచు మీద చేతులానించి మెల్లగా నొక్కితే బరువు కొంత టవల్ మీదికి పోయి మిషన్‌లో అంకె తగ్గుతుంది. గాలానికి చేప తగిలినట్టు ఆ నొక్కుడు తాత వేళ్లకి తెలిసిపోతుంది. ఆయన అరవడు, ఫిర్యాదు చెయ్యడు. టవల్ జానెడు కిందికి దించుతాడు. అంతే! వాడి చేతులు వాటంతటవే వెళ్లవలసిన చోటికి వెళ్లిపోతాయి.

ఇదంతా పరాయి పిల్లల సంగతి. ఒకరోజు ఛాంపియన్‌కిచ్చే బెల్టు కోసం తూకం ఎక్కబోయేవాడు ఆయన సొంత పెద్ద మనవడయ్యాడు.

వాడి భుజాల దాకా జుట్టు చూసి అందరూ వాణ్ని జూలు అనేవారు. సెలూన్ తాత మనవడయ్యుండి తాత కత్తెరని తల దరిదాపులకి రానిచ్చేవాడు కాదు. తాతకి అదో పుండు. ఆ పొద్దున జిమ్ మిషన్ మీద వాడు అరవై ఆరుకి రెండు వందల గ్రాములు ఎక్కువ చూపించాడు. ఒంట్లో ఇక చెమటబొట్టు లేదు. మామూలు పోటీకైతే అరకిలో దాకా చూసీచూడనట్టు పోతారు. బెల్టు పోటీకి గ్రాము మీరినా బెల్టు మీద ఆశ వదులుకోవాల్సిందే.

ఆటోలో జూలు తాత చెవిలో గొణిగాడు. “తాతా, ఇవాళ టవల్ కొంచెం గట్టిగా పట్టుకోవే. అంతే.”

“నేనెప్పుడూ గట్టిగానే పడతాగా” అన్నాడు తాత, అర్థం కానట్టు.

అంతకుముందు ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు నాయనమ్మ తాతతో ఇంకోటి అంది. “వాడు బెల్టు లేకుండా వస్తే నువ్వూ ఇంటికి రాకు.”

తూకం ఓ పాత సినిమా హాల్లో. ముందు అవతలివాడు ఎక్కాడు. గోడలకి రంగులేసే కుర్రాడు, అందరూ పెయింటరనే పిలుస్తారు. పెదాలు పెచ్చులు కట్టాయి. టవల్ మీద వేలు కూడా పెట్టలేదు. సరిగ్గా అరవై ఆరు. దిగుతూ తూలితే తాత భుజం అడ్డం పెట్టాడు, కళ్లు పైకప్పు మీదినుంచి తియ్యకుండానే.

తర్వాత జూలు. అంకెలు పైకెళ్లాయి, ఊగాయి, దిగాయి. తాత వేళ్లకి చేప తగిలింది.

“నొక్కకురా” అన్నాడు పెదవి కదపకుండా.

“తాతా, ప్లీజే.”

అంకె అరవై ఆరు దగ్గర ఆగింది. తూకం చూసే ఆఫీసరు అంకె చదవడానికి నోరు తెరవబోతున్నాడు. ఇస్త్రీ ఆయన, “మనవాడే కదా అన్నా, పోనీలే” అన్నట్టు కళ్లతోనే అన్నాడు. తాతకి నాయనమ్మ గుర్తొచ్చింది. భుజానికింకా అంటుకునున్న పెయింటరు ఒంటి వేడి కూడా గుర్తొచ్చింది.

టవల్ జానెడు దిగింది.

చేతులు కిందికి, అంకె పైకి, హాలంతా ఈలలు. రెండు వందల గ్రాములు ఎక్కువ! తగ్గించుకోవడానికి గంట టైమిచ్చారు.

“నువ్వసలు తాతవేనా? పగవాడు కూడా ఇట్లా పరువు తియ్యడు!” అని జూలు వెనక గదిలో ఎగిరాడు.

“ఏ పరువురా? నేను పైకే చూస్తున్నా, నాకేం కనపడలేదు” అన్నాడు తాత.

ఎంత గెంతినా చెమట రాలేదు. కోచ్ వాడి తలకేసి చూశాడు. తాత అప్పటికే జేబులోంచి కత్తెరా కత్తీ తీసేశాడు. “కూర్చో. నీ తల మీదే కిలో ఉంది” అన్నాడు హుషారుగా. వాడు కళ్లు మూసుకుని కూర్చున్నాడు.

గుండు పూర్తయింది. తీరా తూస్తే ఆ జూలంతా గాలే! ఇంకా యాభై గ్రాములుంది. గడ్డం పోయింది. ఛాతీ మీదివి, కాళ్ల మీదివి పోయాయి. గిన్నెలోకి ఉమ్మించాడు. చివరికి కనుబొమలు కూడా గీసేశాడు.

రెండోసారి ఎక్కేటప్పుడు టవల్ పట్టడానికి కోచ్ ఇంకెవర్నో పిలిచాడు. పెయింటరు తరఫు మనిషి లేచాడు. “అబ్బే, ఆ తాతే పట్టాలి!”

తాత పట్టాడు. జూలు చేతులు రెండూ గుండు మీద పెట్టుకున్నాడు. అంకె అరవై ఆరు దగ్గరే నిలబడింది.

మర్నాడు పోటీలో ఓడిపోయాడు. అన్న మాట ప్రకారం నాయనమ్మ తలుపు గడియ పెట్టింది. తాత సెలూన్ కుర్చీలోనే ముడుచుకుని పడుకున్నాడు.

పొద్దున్నే షట్టర్ ఎత్తి జూలు లోపలికొచ్చాడు. చేతిలో క్యారేజి, వాచిన మూతి, కనుబొమల్లేని మొహం.

“నాయనమ్మ పంపింది. తిని ఇంటికొచ్చెయ్యమంది. తను రమ్మన్నట్టు మాత్రం చెప్పొద్దంది.”

“నువ్వెందుకు ఓడిపోయావురా?”

“నీవల్లే! కనుబొమలు లేకపోతే చెమటంతా కళ్లలోకే కారిందే తాతా. పెయింటర్లు ఇద్దరు కనపడ్డారు. నేను లేనివాణ్ని గుద్దుతున్నా, ఉన్నవాడు నన్ను గుద్దుతున్నాడు.”

తాత నవ్వాపుకోలేక క్యారేజి పక్కన పెట్టేశాడు. జూలు అద్దంలో చూసుకుని, తనే వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు. “వెనకాల చెక్కలు చెక్కలుగా తీశావు. సరిచెయ్.”

తాత గుడ్డ కప్పి మెడ దగ్గర ముడేశాడు. కత్తి ఆన్చబోతుంటే లోపల్నుంచి వాడి చేతులు నొక్కి గుడ్డ బిగుసుకుంది.

“చేతులు తియ్యరా. నొక్కకు.”