రాజవ్వ వాకిట్లో మునగచెట్టు

1991 వానాకాలం. జగిత్యాల దగ్గర సారంగాపూర్ వైపు ఊళ్లలో నేను ఏఎన్ఎంని, అంటే ఇంటింటికీ తిరిగి టీకాలు వేసే నర్సుని. పగలు పోలీసుల జీపు, చీకటిపడితే నక్సలైట్ అన్నల దళం. పుట్టు పిరికిదాన్ని, ఎవరి చెప్పుల చప్పుడు విన్నా ఒకేలా వణికేదాన్ని.

ఒక రోజు ముసలి రాజవ్వ వాకిట్లో మునగచెట్టు కింద కూర్చుని పసిపిల్లలకు విటమిన్-ఏ సిరప్ పోశాను. రేచీకటికి అదే మందు. పిల్ల నోట్లో మా చేత్తోనే పోసి రిజిస్టర్‌లో పేరు రాయాలి. అందరూ వెళ్లాక రాజవ్వ దగ్గరికొచ్చింది.

"సిస్టరమ్మా, గా మందు ఒక్క సీస ఇయ్యి. నా బిడ్డకు పొద్దుగూకితే కండ్లు కనవడ్తలేవట."

"తోల్కరా అవ్వా. ఎన్నేండ్లు?"

"పందొమ్మిది."

ఆ పిల్ల దళంలో కలిసిందని ఊరంతటికీ తెలుసు. రాత్రిపూట అడవిలో నడిచే పిల్లకు చూపు లేకపోతే బతుకుతుందా? కానీ కిందటి వారమే పోలీసులు నా సంచి బోర్లించి సీసాలు లెక్కపెట్టారు.

"సీస ఇయ్యలేనవ్వా. మునగాకు నీడన ఎండబెట్టి పొడి చెయ్యి. నూనె కలుపుకొని రోజూ తినాలె. ఆకు దూస్తే ఎవ్వలేమంటరు?"

రెండు వారాలకు వెళ్తే చెట్టు బోడిగా ఉంది. హమ్మయ్య అనుకున్నాను. అంతలో జీపు ఆగింది. "ఆకంతా ఏమైంది ముసలమ్మా?" అన్నాడు కానిస్టేబుల్.

"మేకలు మేసినయ్ సారూ."

రాజవ్వకు మేకలే లేవు. అతను చెట్టువైపు ఇంకోసారి చూసి వెళ్లిపోయాడు.

నెల తిరిగాక చెట్టు మళ్లీ చిగురించింది. ఎవరూ దూయలేదు. రాజవ్వ ఇంత లేతాకు కోసి నా సంచిలో పెట్టింది.

"నువ్వు వండుకో సిస్టరమ్మా. నాకింక పనిలేదు. ఒకనాడు రాత్రి దళం మీదికి పోలీసులొస్తే అందరు ఉరికిండ్రట. నా బిడ్డ తొవ్వ కనవడక బాయిల వడ్డదట."

అప్పటినుంచి నేను ఇవ్వలేని మందైనా సరే, దాని పేరు, అది ఎక్కడ దొరుకుతుందో చెప్పే పంపిస్తాను. మునగాకు మంచిదే, కానీ నిదానంగా పనిచేస్తుంది. సిరప్ అయితే రోజుల్లోనే చూపు తెప్పిస్తుంది, జగిత్యాల మందుల దుకాణంలో దొరికేది కూడా. ఆ రెండు ముక్కలూ నాకు ఆ రోజే తెలుసు. భయపడి రాజవ్వకు చెప్పలేదు.