ఎస్తేరు టీచర్ చూపించిన మడుగు

ముసురు పట్టినప్పుడు ఇంట్లో ఆరేసిన నూలుగుడ్డ ముక్కవాసన కొడితే నాకు ఈనాటికీ ఒళ్ళు మండుతుంది. ఆ వాసన వెంట పడమటి కొండమీది మడుగు గుర్తొస్తుంది. దాని వెనకే ఎస్తేరు టీచర్.

అరవైల మొదట్లో, సముద్రానికి కూతవేటు దూరంలో ఉన్న మా ఊరి బడిలో ఆమె సైన్సు చెప్పేది. మా నాయన దర్జీ. దూదేకుల పిల్లకి హైస్కూలు చదువెందుకని వీధంతా దెప్పుతుంటే ఆమె మా అరుగు మీద కూర్చుని, "మస్తానిని నాకు వదిలెయ్యన్నా, టీచర్ను చేసి చూపిస్తా" అంది. నాయన తలూపాడు. బడికి పోయినన్నాళ్ళూ నేను ఆ మాట మీదే బతికాను.

ఒక శనివారం తెల్లారగట్ల టీచర్ మా తరగతి ఆడపిల్లలందరినీ బస్సెక్కించి కొండకు తీసుకెళ్ళింది. కష్టమైన నడకేమీ కాదు. పశువులు తొక్కిన బాట, చేతిలో పులిహోర పొట్లాలు, దారంతా నవ్వులు. చెట్టు కనబడితే చాలు ఆగి, ఆకు నలిపి మా ముక్కుల దగ్గర పెట్టేది. "పేరు తెలీకుండా దేన్నీ దాటిపోబాకండి" అనేది. పైన బండల నడుమ మడుగు నల్లగా, కదలకుండా ఉంది.

"దిగేదా టీచర్?" అని సుశీల అడిగింది. సుశీల బడి కమిటీ ప్రెసిడెంటు కూతురు.

"దిగండమ్మా, మోకాలి దాకా. మీకు నీళ్ళు కొత్తా ఏంది?" అని టీచర్ నవ్వింది.

అదే కొంప ముంచింది. మా సముద్రపు ఒడ్డున నేల మెల్లమెల్లగా లోతుకు దిగుతుంది. మడుగూ అంతేననుకున్నాం, టీచర్‌తో సహా. సుశీల నాలుగడుగులు వేసి బుడుంగున మునిగిపోయింది. నేను బండ మీద బోర్లా పడుకుని నా ఓణీ విసిరాను. అది పట్టుకుని పైకొచ్చింది. టీచర్ నన్ను హత్తుకుని, "నా తల్లే, నన్ను బతికించినావు" అని ఏడ్చింది.

సోమవారం ప్రెసిడెంటు టీచర్నీ నన్నూ హెడ్మాస్టరు గదికి పిలిపించాడు. ముసురుకు ఇంట్లో సరిగా ఆరక ముక్కవాసన కొడుతున్న ఆ నూలు ఓణీతోనే వెళ్ళాను. సుశీల జ్వరంతో ఇంట్లో ఉంది.

"నా బిడ్డను నీళ్ళలోకి దించిందెవరు?"

టీచర్ నేలచూపులు చూసింది. "నేను వద్దంటానే ఉన్నా సార్. మస్తానే లాక్కుపోయింది."

"అదేంది టీచర్! మీరే గదా దిగమనింది?"

"అబద్ధాలాడబాక మే!"

మిగతా పిల్లల్నెవరినీ అడక్కుండానే ఆ రోజే నన్ను బడినుంచి తీసేశారు. జ్వరం తగ్గాక సుశీల నిజం చెప్పిందట. అన్న మాట వెనక్కి తీసుకోవడానికి ప్రెసిడెంటుకు నామోషీ. నాయన నన్ను పల్లెత్తు మాట అనకుండా కుట్టుమిషను ముందు కూర్చోబెట్టాడు. టీచర్ మళ్ళీ మా వీధి తొక్కలేదు.

"మంచానబడిన తల్లి ఉండె గదే ఆమెకి, ఉద్యోగం పోతే ఎట్టా బతికేది పాపం!" అని అమ్మ ఎన్నోసార్లు చెప్పింది. పాపమే, కాదనను. కానీ క్షమించను. ఇప్పటికీ ఆకు నలిపి వాసన చూడందే ఏ కొత్త చెట్టునూ దాటలేను. అదీ ఆమె నేర్పిందే గదా అని మరీ మంట.

ఇప్పుడు నా దగ్గర కుట్టు నేర్చుకునే పిల్లలు అప్పుడప్పుడూ గుడ్డ పాడుచేస్తారు. గుడ్డ ఇచ్చినవాళ్ళు వచ్చి, "ఎవరు కత్తిరించింది దీన్ని?" అని గొంతు లేపితే పిల్లలు బిక్కచచ్చిపోతారు. "నేనే" అంటాను. మస్తానమ్మది ఎంత మంచి మనసో అని ఊరు మెచ్చుకుంటుంది. మంచీ లేదు, మన్నూ లేదు. అది ఆ గదిలో ఆమె నోట రావలసిన మాట. ఆమె అనలేదు గనక, బతికినన్నాళ్ళూ నేనంటున్నాను.